ఒక్క బిట్టు, 4,096 ఓట్లు
పాడైన మెమరీని డేటా చెదరకుండా బాగుచేసే విద్య ఉంది. అది అందరి కంప్యూటర్లకూ అందడం లేదు

బెల్జియంలో 2003 మే 18న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. బ్రసెల్స్‌లో భాగమైన స్కార్‌బేక్‌లో ఓ అభ్యర్థికి కంప్యూటర్ ఉదారంగా ఓట్లు కట్టబెట్టింది. ఎంత ఉదారంగా అంటే, అక్కడ ఆమెకు రాగల ఓట్లకన్నా ఎక్కువ. అనుమానం వచ్చి ఓట్లు నమోదైన మాగ్నెటిక్ కార్డులను మళ్లీ లెక్కించారు. సరిగ్గా 4,096 ఓట్లు తగ్గాయి. రాజకీయ నాయకులకు ఈ అంకెలో విశేషమేమీ కనిపించదు. ఇంజనీర్లకు మాత్రం వెంటనే బల్బు వెలుగుతుంది. పన్నెండు రెళ్లను వరుసగా హెచ్చవేస్తే వచ్చేది 4,096. అంటే మెమరీలో పదమూడో స్థానంలోని సున్నా ఒకటిగా మారిందన్నమాట. ప్రోగ్రాములో తప్పేమీ దొరకకపోవడంతో బిట్టు దానంతటదే తారుమారై ఉంటుందని నిపుణులు తేల్చారు. అదే నాలుగో స్థానంలో జరిగి ఉంటే పెరిగేది ఎనిమిది ఓట్లే. ఎవరి కంటా పడేది కాదు.

కంప్యూటర్ జ్ఞాపకం ఇంత బలహీనమైనదా? నిర్మాణమే అలాంటిది. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ రూపొందించి 1968లో పేటెంట్ పొందిన డీర్యామ్ గదిలో ఉండేవి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ మాత్రమే. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉందా లేదా అన్నదాన్ని బట్టే 1, 0. ఆ ఆవేశం చిల్లుకుండలో నీళ్లలా కారిపోతుంది కనుక సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపుతారు. చిల్లు మరీ పెద్దదైతే ఆ కాసేపూ నిలవదు. చిప్‌ను కప్పే పింగాణీలోని రేడియోధార్మిక పదార్థాల జాడలు కూడా బిట్లను తిరగేయగలవని ఇంటెల్ శాస్త్రవేత్తలు 1970ల చివర్లోనే కనుగొన్నారు. అలాంటివి వచ్చిపోయే జలుబు లాంటివి. తిరిగి రాస్తే సరిపోతుంది. అసలు తంటా గది శాశ్వతంగా చెడిపోవడంతోనే. గూగుల్ సర్వర్లపై రెండున్నరేళ్ల పాటు సాగిన పరిశీలన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు దొర్లాయి. వాటికి ప్రధాన కారణం కాస్మిక్ కిరణాలు కాదు, చెడిపోయిన హార్డ్‌వేరేనని పరిశోధకులు అభిప్రాయపడ్డారు.

కోట్ల గదులున్న చిప్ ఒక్క లోపమూ లేకుండా పుట్టడం దాదాపు అసాధ్యం. అందుకే తయారీదారులు ముందుచూపుతో అదనపు వరుసలు చెక్కి ఉంచుతారు. ఫ్యాక్టరీలో లోపం బయటపడితే చిన్న ఫ్యూజును కాల్చి, చెడ్డ వరుస చిరునామాను అదనపు వరుసకు మళ్లిస్తారు. కొన్నవారికి ఆ సంగతే తెలియదు. ఇందులో మోసమేమీ లేదు, ఇలా చేయకపోతే మెమరీ ఇంత చౌకగా దొరికేది కాదు.

చిప్ పనిలోకి దిగాక చెడితేనే చిక్కు. రైల్లో బోగీ ‘సిక్’ అయితే దాన్ని విప్పి మరోటి తగిలించవచ్చు. కానీ ముందు లోపలి ప్రయాణికులను సామాన్లతో సహా వేరేచోట కూర్చోబెట్టాలి. ఇక్కడ ప్రయాణికులు డేటా. వారిలో ఎవరు తప్పిపోయారో తెలియాలంటే తనిఖీ జాబితా ఉండాలి. బెల్ ల్యాబ్స్‌లో వారాంతాల్లో తన లెక్కలను యంత్రం మధ్యలో వదిలేస్తోందని విసిగిపోయిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన కోడ్ ఆ జాబితాకు మూలం. సర్వర్లలో 64 బిట్లకు ఎనిమిది తనిఖీ బిట్లు తోడవుతాయి. ఒక బిట్టు తప్పితే ఏదో కనిపెట్టి సరిదిద్దుతాయి, రెండు తప్పితే హెచ్చరిస్తాయి.

ఒకే వరుసలో తప్పులు పదేపదే వస్తే మరమ్మతు మొదలవుతుంది. మొదటి మార్గం ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అది సరిదిద్దిన డేటాను వేరే పేజీలోకి మార్చి, చెడ్డ పేజీకి తాళం వేస్తుంది. (ఆ పేజీ సైజు సాధారణంగా 4,096 బైట్లు కావడం కాకతాళీయం.) రెండోది చిప్‌లోనే జరుగుతుంది. 2012లో వచ్చిన డీడీఆర్4 ప్రమాణం, ప్యాకేజీలో బిగించిన తర్వాత కూడా మిగిలిన అదనపు వరుసలను వాడుకునే వీలు కల్పించింది. ఇందులో రెండు రకాలు. ‘సాఫ్ట్’ మరమ్మతు క్షణాల్లో అయిపోతుంది, కరెంటు తీస్తే చెరిగిపోతుంది. ‘హార్డ్’ మరమ్మతులో ఫ్యూజు కాలుతుంది కనుక శాశ్వతం. అయితే దానికి పట్టే సమయంలో పక్క వరుసల డేటాకూ ముప్పుంది. అందుకే చాలా సర్వర్లు దాన్ని రీబూట్ దాకా వాయిదా వేస్తాయి. రెండు పద్ధతుల్లోనూ చెడ్డ వరుసలోని డేటాను ముందే తీసి దాచుకోవాల్సిందే. అదనపు వరుసలు కూడా కొన్నే ఉంటాయి. అవి అయిపోతే మాడ్యూల్ మార్చక తప్పదు.

ఇంత పకడ్బందీ ఏర్పాటూ తనిఖీ బిట్లున్న యంత్రాలకే. అందుకు ప్రతి ఎనిమిది చిప్‌లకు తొమ్మిదోది కావాలి, ఖర్చవుతుంది. మామూలు డెస్క్‌టాప్‌లలో, ల్యాప్‌టాప్‌లలో అది కనబడదు. లైనక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ 2021 జనవరిలో ఇందుకు ఇంటెల్‌ను దుమ్మెత్తిపోశారు. డీడీఆర్5 చిప్‌లు లోలోపల కొన్ని తప్పులను దిద్దుకుంటున్నా, చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో జరిగే పొరపాట్లకు ఆ రక్షణ చాలదు.

భారత్‌కు ఇది దూరపు సంగతేమీ కాదు. మెమరీ దిగ్గజం మైక్రాన్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రముంది. గుజరాత్‌లోని సనంద్‌లో ప్యాకేజింగ్, పరీక్షల ప్లాంటును ఆ సంస్థ 2023 జూన్‌లో ప్రకటించింది. మొత్తం 275 కోట్ల డాలర్లలో కేంద్రం సగం, రాష్ట్రం 20 శాతం భరించేలా ఒప్పందం. చిప్‌ల తయారీకి ప్రజాధనం ఇంతగా వెచ్చిస్తున్నవారు, భూమి రికార్డులు, మార్కుల జాబితాలు ఎక్కించే ఆఫీసు కంప్యూటర్లు కొనేటప్పుడు టెండరులో ఆ తొమ్మిదో చిప్‌ను అడగడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. ధర తేడా మొత్తం బిల్లులో చిన్న ముక్కే. అడిగేవారుంటే అది ఇంకా తగ్గుతుంది.