అడగకపోయినా పెట్టే బడి

మా అబ్బాయి రెండో తరగతిలో ఉండగా ఖమ్మం అక్క ఫోన్ చేసింది. అట్లాంటా శివారులో మా పక్క వీధే ఆవిడది. "గిఫ్టెడ్ టెస్ట్‌కి మెయిల్ పెట్టావా? మనం అడక్కపోతే వాళ్లు చూడరమ్మా" అంది. ఆ రాత్రే టీచరుకి రాశాను. ఏ పుస్తకం చదివించాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపు చెప్పింది. చురుకైన పిల్లలకు వేరేగా నడిపే గిఫ్టెడ్ క్లాసులో మావాడికి సీటొచ్చింది.

శుక్రవారాలు లెక్కల క్లాసులో సాయానికి వెళ్లేదాన్ని. మావాడి పక్కన కూర్చునే నల్లజాతి పిల్లాడు అందరికన్నా ముందే ముగించి, కాగితం వెనక తనే కొత్త లెక్కలు వేసుకునేవాడు. ఓరోజు వాళ్ల అమ్మమ్మ నన్నాపి, మావాడు వారానికోసారి వేరే గదికి ఎందుకు వెళ్తున్నాడని అడిగింది. పరీక్ష రాశాడని చెప్పాను. "ఏ పరీక్ష?" అంది. ఆమెతో కూర్చుని మెయిల్ రాయించాను. ఈ ఏటికి గడువు దాటిందని జవాబొచ్చింది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటాం. జనం పన్నులతో నడిచే బడిలో ఆ మాట చెల్లకూడదు.

ఇలా ఆలోచించినవాళ్లు ఉన్నారు. 2005లో ఫ్లోరిడాలోని ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్, ఎవరో పేరు చెప్పేదాకా ఆగకుండా, రెండో తరగతి పిల్లలందరికీ చిన్న పరీక్ష పెట్టింది. మాటలతో కాక బొమ్మలతో సాగే పరీక్ష. దాని ఫలితాలను డేవిడ్ కార్డ్ (2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన), లారా జూలియానో పరిశీలించారు. అర్హత ప్రమాణాలు మార్చలేదు. అయినా గిఫ్టెడ్‌గా గుర్తించిన నల్లజాతి పిల్లల వాటా 80 శాతం, హిస్పానిక్ పిల్లల వాటా 130 శాతం పెరిగింది. ఆ తెలివి పిల్లల్లో అంతకుముందూ ఉన్నదే.

టీచర్ల చూపు మీదే వదిలేస్తే ఏమవుతుందో జేసన్ గ్రిసమ్, క్రిస్టఫర్ రెడింగ్ 2016లో చూపించారు. మార్కులు సమానంగా ఉన్నా, టీచరు నల్లజాతి వ్యక్తి కానప్పుడు నల్లజాతి పిల్లలకు గిఫ్టెడ్ అవకాశం తక్కువగా అందింది.

చురుకైనవాళ్లను వేరు చేస్తే మిగతావాళ్లు నష్టపోరా అని నాకూ బెంగగానే ఉండేది. అదే డిస్ట్రిక్ట్‌లో నాలుగు, ఐదు తరగతుల్లో గిఫ్టెడ్ పిల్లల క్లాసులో మిగిలిన సీట్లను, ముందు ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న మామూలు పిల్లలకిచ్చేవారు. అలా చేరిన నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు చదవడంలో, లెక్కల్లో బాగా ముందుకెళ్లారు. పక్క క్లాసుల పిల్లలకు నష్టం కనబడలేదు.

ఆర్థిక మాంద్యం వచ్చాక, ఖర్చు తగ్గించాలని అందరికీ పెట్టే ఆ పరీక్షనే ఆపేశారు. పాత అంతరాలు తిరిగొచ్చాయి. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఫలితం కళ్లముందుండగా ఆపేశారు.

మా స్కూల్ బోర్డు సమావేశంలో మాట్లాడటానికి పేరిచ్చాను. రెండో తరగతి పిల్లలందరికీ, బడి వేళల్లోనే, ఎవరూ మెయిల్ పెట్టకుండానే పరీక్ష జరపమని అడుగుతాను. ఖమ్మం అక్క కూడా వస్తానంది. ఆ అమ్మమ్మని నా కారులో తీసుకెళ్తున్నాను.