హజ్ యాత్రికులకు: విమానమెక్కే వేళ, దిగే వేళ



హజ్, ఉమ్రాల ఆరాధనా విధులను వివరించే పుస్తకాలు తెలుగులో ఇప్పుడు తగినన్ని లభిస్తున్నాయి. తవాఫ్ ఎలా చేయాలి, సయీ ఎక్కడ మొదలుపెట్టాలి, అరఫాత్ మైదానంలో ఏమి వేడుకోవాలి అన్నవి మన పెద్దలు కంఠతా పట్టి మరీ బయలుదేరుతున్నారు. అయితే ఇంటి గడప దాటినది మొదలు విమానంలో కూర్చునేవరకు, విమానం దిగినది మొదలు బసకు చేరేవరకు గడిచే గంటల గురించి చెప్పేవారు అరుదు. వృద్ధులు అలసిపోయేదీ, గాబరాపడేదీ, భార్యాభర్తలు ఒకరికొకరు కనబడకుండా పోయేదీ ఎక్కువగా ఆ గంటలలోనే. కనుక ఈ నెల వాటిని గురించే మాట్లాడుకుందాము.

బుద్వేల్, రాజేంద్రనగర్, శంషాబాద్ ప్రాంతాల వారికి విమానాశ్రయం పొరుగిల్లు వంటిది. 2008 మార్చిలో విమానాల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాద్‌కు మారిన నాటి నుండి ఆకాశంలో విమానం కనబడని పూట మనకు లేదు. అయినా చూడటం వేరు, ఎక్కటం వేరు. రాష్ట్ర హజ్ కమిటీ ద్వారా వెళ్ళే యాత్రికులు ముందుగా నాంపల్లిలోని హజ్ హౌస్‌లో హాజరు కావాలి. అంటే బుద్వేల్ యాత్రికుడు విమానాశ్రయానికి వీపు చూపి, ఆరాంఘర్ చౌరస్తా దాటి నగరం నడిబొడ్డుకు వెళ్ళి, అక్కడ బస్సెక్కి, తిరిగి తన పేట పక్కగానే శంషాబాద్ చేరుకోవాలి. 'నేరుగా పోతే ఏమి?' అని అడిగే దాదీలు ప్రతి ఇంటా ఉంటారు. ప్రయాణ పత్రాలు, చేతికి కట్టుకునే గుర్తింపు కడియం, చివరి సూచనలు లభించేది హజ్ హౌస్‌లోనే గనుక ఆ చుట్టు తప్పదు. ప్రైవేటు ట్రావెల్స్ ద్వారా ఉమ్రాకు వెళ్ళేవారు మాత్రం నేరుగా విమానాశ్రయానికే వెళతారు. ఒకే ఇంట్లో నిరుడు ఒకరు ఉమ్రాకు, ఈ ఏడు మరొకరు హజ్‌కు వెళుతున్నప్పుడు ఈ తేడా తెలియక తికమక పడటం మేము తరచుగా చూస్తున్నాము.

ఈ చుట్టుదారికి విసుగుచెందేవారు మన ముత్తాతల ప్రయాణాన్ని ఒకసారి తలచుకోవాలి. వారు హైదరాబాదు నుండి రైలులో బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో రోజుల తరబడి వేచి, మొఘల్ లైన్ వారి ఓడలలో జిద్దాకు సాగేవారు. 'అక్బరీ' వంటి ఓడల పేర్లు నేటికీ కొందరి ఇళ్ళలో వినబడతాయి. రెండువేల మూడువందల పైచిలుకు నాటికల్ మైళ్ళ దూరానికి పన్నెండు నుండి పదిహేను రోజులు పట్టేది. అప్పులు తీర్చి, వీలునామా వ్రాసి, కఫన్ వస్త్రాన్ని కూడా మూటలో పెట్టుకుని వెళ్ళిన కాలమది. ఆ సముద్రయాత్ర 1995తో ఆగిపోయింది. దానిని పునరుద్ధరించాలన్న మన ప్రభుత్వ ప్రతిపాదనకు 2018 జనవరిలో సౌదీ ప్రభుత్వం సమ్మతి తెలిపింది గాని, మన యాత్రికుల దారి నేటికీ ఆకాశమార్గమే.

ఓడ యాత్రికునికి కష్టాలు పెట్టినా ఒక మేలు చేసేది: వ్యవధి ఇచ్చేది. పదిరోజుల పాటు తోటివారితో కూర్చుని నేర్చుకోవచ్చు, మరచినది అడగవచ్చు. యలమ్‌లమ్ మీఖాత్ సమీపిస్తున్నదని ముందుగానే తెలిసి, స్నానం చేసి, తీరికగా ఇహ్రాం ధరించేవారు. విమానంలో మొత్తం ప్రయాణమే ఐదారు గంటలు. మీఖాత్ హద్దు నిమిషాలలో దాటిపోతుంది. నిద్రలో ఉన్నవారికి ఆ ప్రకటన వినబడదు. నేటి యాత్రికుని చిక్కులలో సగం ఈ తీరిక లేకపోవటం వలన కలిగేవే.

కనుక ఇహ్రాం సంగతి ముందు. మీ విమానం మొదట జిద్దాకు వెళుతుందో, మదీనాకు వెళుతుందో టిక్కెట్టు చేతికి రాగానే చూసుకోండి. జిద్దాకు అయితే ఇహ్రాం వస్త్రాలను ఇంటివద్దనో, హజ్ హౌస్‌లోనో, విమానాశ్రయంలోనో ధరించి ఎక్కాలి. సంకల్పం చెప్పుకుని తల్బియా పలకటం మీఖాత్ సమీపించినప్పుడు. విమానంలోని ఇరుకు మరుగుదొడ్డిలో డెబ్బై ఏళ్ళ మనిషి బట్టలు మార్చుకోవటం అయ్యే పని కాదు. మదీనాకు అయితే మామూలు దుస్తులతోనే వెళ్ళవచ్చు; మదీనా నుండి మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రాం ధరిస్తారు. ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటున్నది. జిద్దాకు వెళుతూ ఇహ్రాం వస్త్రాలను పెద్ద పెట్టెలో సర్ది, ఆ పెట్టెను కౌంటరులో అప్పగించివేస్తారు. తరువాత ఎవరిని బ్రతిమాలినా పెట్టె తిరిగి రాదు. ఆ రెండు వస్త్రాలు, నడుము పట్టీ, చెప్పులు చేతిసంచిలోనే ఉండాలి.

ఇహ్రాం సంకల్పం చెప్పుకున్న తరువాత సుగంధం నిషిద్ధమన్నది అందరికీ తెలిసినదే. విమానంలో భోజనంతో పాటు ఇచ్చే తడి కాగితపు రుమాలుకు సువాసన ఉంటుందన్నది మాత్రం చాలామందికి తట్టదు. దానిని విప్పకుండా పక్కన పెట్టండి. వాసన లేని సబ్బు ఒకటి వెంట ఉంచుకోండి. స్త్రీలకు ప్రత్యేక వస్త్రం లేదు, మామూలు పర్దా దుస్తులే ఇహ్రాం. నెలసరి వచ్చినదని కొందరు సోదరీమణులు సంకల్పమే చెప్పుకోకుండా మీఖాత్ దాటిపోతున్నారు. అడగటానికి సిగ్గుపడి ఇంతటి చిక్కు కొనితెచ్చుకోవటం మాకు బాధ కలిగిస్తుంది. ఆ స్థితిలోనూ ఇహ్రాం సంకల్పం చెప్పుకోవచ్చు, తల్బియా పలకవచ్చు. శుద్ధి అయ్యేవరకు ఆగవలసినది తవాఫ్ కొరకే. తల్లులు, అత్తలు ఈ మాటను ఆడపిల్లలకు బయలుదేరకముందే చెప్పాలి.

ఇక సామాను. చేతిసంచిలోని ద్రవపదార్థాలు ఏవైనా నూరు మిల్లీలీటర్లకు మించని సీసాలలోనే ఉండాలి. కత్తెర, చాకు, గోళ్ళు తీసే పనిముట్లు పెద్ద పెట్టెలోకి. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోకే. ఈ రెండింటినీ తారుమారు చేసేవారే ఎక్కువ. కారంపొడి, పచ్చడి చేతిసంచిలో తీసుకుపోనివ్వరు. గసగసాలు అసలే వద్దు. మన వంటింట్లో అది మసాలా దినుసు. సౌదీలో మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తుంది. రోజూ వేసుకునే మందులు, ఇన్సులిన్ చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా, వాటి అసలు పట్టీలలోనే ఉండాలి. మాత్రలన్నీ విప్పి ఒకే డబ్బాలో పోసుకుంటే అవి ఏమిటో అక్కడ ఎవరికీ చెప్పలేరు. మెనింజైటిస్ టీకా యాత్రకు కనీసం పది రోజుల ముందే వేయించుకుని ఉండాలి. ఆ పత్రమూ, పోలియో చుక్కల పత్రమూ పాస్‌పోర్టుతోనే ఉంచండి.

ఇతరుల పొట్లాల సంగతి మరింత గట్టిగా చెప్పవలసి ఉన్నది. 'మా తమ్ముడు జిద్దాలో ఉన్నాడు, ఈ చిన్న పొట్లం ఇవ్వండి చాలు' అని చివరి రాత్రి తెచ్చి ఇచ్చేవారు ఉంటారు. ముఖం చెల్లక తీసుకునేవారూ ఉంటారు. అందులో గుట్కా ఉన్నా, మత్తుమాత్రలు ఉన్నా పట్టుబడేది మోసినవారే. 'నాకు తెలియదు' అన్న మాటకు అక్కడి న్యాయస్థానంలో విలువ ఉంటుందని ఆశించరాదు. మాదకద్రవ్యాల రవాణాకు ఆ దేశ చట్టంలో మరణశిక్ష వరకు ఉన్నది. మొగమాటానికి పోయి ఆరాధన కొరకు బయలుదేరిన వృద్ధుడు చెరసాలలో పడితే ఆ ఇంటివారి గతి ఏమిటి? ఎంత దగ్గరి బంధువైనా సరే, విప్పి చూపని పొట్లం ముట్టుకోరాదు. ఈ మాట చెప్పటం పెద్దలకు కష్టం. ఆ బాధ్యతను ఇంట్లోని యువకులు తీసుకోవాలి.

వీడ్కోలు గురించి వ్రాస్తే కొందరికి కోపం రావచ్చు. ఒక్క హాజీని సాగనంపటానికి నాలుగు బండ్లలో ముప్పైమంది రావటం మన దగ్గర మర్యాదగా స్థిరపడిపోయింది. పూలదండలు, ఫొటోలు, కౌగిలింతలు, కన్నీళ్ళు! టిక్కెట్టు లేనివారికి టెర్మినల్ లోపలికి ప్రవేశం లేదు. అందువలన ఈ సందడి అంతా ద్వారం బయటే జరుగుతుంది. మూడు గంటల ముందు వచ్చి కూడా లోపలికి వెళ్ళేసరికి గంటన్నర మాత్రమే మిగిలినవారిని మేము ఎరుగుదుము. చాలా విమాన సంస్థలు బయలుదేరటానికి గంట ముందే కౌంటరు మూసివేస్తాయి. క్షమాపణలు కోరటం, అప్పులు తీర్చటం, దుఆ చేయించుకోవటం ముందురోజే ఇంటివద్ద ముగించండి. విమానాశ్రయానికి ఇద్దరు చాలు.

లోపలికి వెళ్ళిన తరువాత ఎవరి పాస్‌పోర్టు వారి దగ్గర ఉండాలి. ఇంటిల్లిపాది పాస్‌పోర్టులు ఒక్క మగవాని సంచిలో ఉండటం మనకు అలవాటు. తనిఖీ వద్ద స్త్రీలకు వేరు వరుస ఉంటుంది. సంచి అతనితో ఒక వైపు వెళ్ళిపోతే చదువురాని తల్లి పత్రాలు లేకుండా మరోవైపు నిలబడిపోతుంది. ఆమె మెడలో వేలాడే చిన్న సంచిలో పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు, తోడున్నవారి ఫోను నంబరు, బస చిరునామా ఉండనివ్వండి. గేటు సంఖ్యను అంకెలుగా గుర్తుపట్టటం ఇంటివద్దే నేర్పవచ్చు. 2017 జూలై నుండి భారతీయులు దేశం విడిచి వెళ్ళేటప్పుడు కార్డు నింపవలసిన పని లేదు గనుక ఇమిగ్రేషన్ వద్ద వ్రాతపనికి భయపడనక్కరలేదు. ముఖం మాత్రం చూపవలసి ఉంటుంది. మహిళా సిబ్బందిని పిలవమని మర్యాదగా అడగవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవారికి చక్రాల కుర్చీ కావాలని విమాన సంస్థకు రెండు రోజుల ముందే తెలియజేయండి. 'నేనింకా అంత ముసలివాణ్ణి కాలేదు' అని అబ్బాజాన్ అలిగినా సరే, చెప్పి ఉంచండి. కౌంటరు నుండి గేటు వరకు నడక చాలా ఉంటుంది. ఆ ఓపికను హరమ్ కొరకు దాచుకోవటం మేలు.

నమాజు విషయంలో బుద్వేల్ వారి ప్రశ్న ఒకటి ఆలోచించదగినది: శంషాబాద్ విమానాశ్రయంలోనే ఖస్ర్ చేయవచ్చునా? తన ఊరి నివాసాలు దాటిన తరువాతనే ఖస్ర్ మొదలవుతుందని ఫిఖ్హ్ పండితులు చెబుతారు. చార్మినార్ నుండి వచ్చినవారికీ, విమానాశ్రయం పక్కనే ఉండేవారికీ జవాబు ఒకటే కాకపోవచ్చు. మీ మస్జిదు ఇమాము గారిని అడిగి బయలుదేరండి. విమానంలో వుజూ చేసేవారు నేలంతా తడిపి వెనుకవారికి ఇబ్బంది కలిగించరాదు. గేటు దగ్గరే వుజూ చేసుకుని ఎక్కితే మరీ మంచిది. మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడవండి, నీళ్ళు త్రాగుతూ ఉండండి. మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు మానివేసే తల్లులు దిగే వేళకు నీరసించిపోతున్నారు.

చక్రాలు నేలను తాకగానే లేచి నిలబడేవారికి ఏమి లాభమో మాకు ఎన్నడూ అర్థం కాలేదు. తలుపు తెరవటానికి ఇంకా సమయముంటుంది, పైనుండి సంచులు వృద్ధుల తలలపై పడేదీ అప్పుడే. పెద్దవారు చివర దిగితే చాలు. సీటు ముందరి జేబులో కళ్ళజోడు, ఫోను, తస్బీహ్ మరువలేదని ఒకసారి తడిమి చూసుకోండి. జిద్దాలోని హజ్ టెర్మినల్‌లో గుడారాల వరుసల వంటి పైకప్పు కనబడుతుంది. దాని నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఆ కట్టడానికి 1983లో ఆగాఖాన్ పురస్కారం లభించింది. బస్సు వచ్చేవరకు ఆ నీడలో వేచి ఉండవలసి రావచ్చు. చేతిసంచిలో నాలుగు ఖర్జూరాలు, బిస్కెట్లు ఉంటే మధుమేహం ఉన్నవారికి కళ్ళు తిరగవు. జట్టులో ఒకరు తప్పిపోతే ఎవరూ వెదకబోవద్దు. తప్పిపోయినవారు ఉన్నచోటే నిలబడి కడియం చూపాలని ముందే అనుకుని ఉండండి. ఇద్దరూ తిరుగుతూ ఉంటే ఒకరికొకరు దొరకరు.

తిరుగు ప్రయాణంలో బరువులు పెరుగుతాయి. జమ్‌జమ్ సీసాలను పెట్టెలో బట్టల మధ్య దాచకండి, తీసివేస్తారు. హజ్ కమిటీ యాత్రికులకు ఐదు లీటర్ల డబ్బా ఇక్కడి విమానాశ్రయంలోనే ఇస్తారు. ఉమ్రా యాత్రికులు విమాన సంస్థ నియమాన్ని అడిగి, జిద్దా విమానాశ్రయంలో అట్టపెట్టెలో అమ్మే డబ్బాను తెచ్చుకోవచ్చు. బంగారం సంగతి: విదేశంలో ఏడాదికి పైగా నివసించి వచ్చినవారికి నగలపై ఉన్న సుంకం మినహాయింపు, పదిహేను రోజుల ఉమ్రాకు వెళ్ళివచ్చినవారికి వర్తించదు. కోడలికి గాజులు కొన్నవారు రసీదుతో సహా ఎర్ర మార్గంలో వెళ్ళి సుంకం కట్టాలి.

శంషాబాద్‌లో దిగాక పట్టీ మీద పెట్టెలన్నీ ఒకే రంగులో ఉంటాయి. మీ పెట్టెకు వెళ్ళేటప్పుడే రంగుగుడ్డ ముక్క కట్టి ఉంటే ఇక్కడ వెదుకులాట తప్పుతుంది. ఎదురువచ్చేవారు ఒక బండిలో ఇద్దరు రండి. బుద్వేల్ చేరటానికి ఎంతో సేపు పట్టదు, కాని రాత్రంతా కూర్చుని వచ్చిన మనిషికి ఆ దారీ దూరమే. ఇంటిముందు షామియానా వేసి చుట్టాలను పిలవకండి. ఆ రోజు వారిని నిద్రపోనివ్వండి. ఖర్జూరాలు, జమ్‌జమ్ పంచటానికి మరునాడు అస్ర్ తరువాత సమయం చాలు.