ప్రతి 'గా'కీ 'లీ' తగిలించకండి

మనురేవాకి వచ్చిన కొత్తలో ఒక కేర్ హోమ్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాను. "ఇదివరకు చోట పని ఎలా చేసేవారు?" అని అడిగితే, "ఐ హార్డ్‌లీ వర్క్‌డ్" అన్నాను, అదీ గర్వంగా. ఎంతో కష్టపడ్డానని నా ఉద్దేశం. ఆవిడకి వినపడింది మాత్రం "నేను పని చేసిందే అంతంతమాత్రం" అని! ఉద్యోగం రాలేదు. కారణం అదొక్కటేనని అనను కానీ, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇది మన తెలివితక్కువతనం కాదండీ, అలవాటు. తెలుగులో మెల్లగా, గట్టిగా, త్వరగా అంటాం. ఇంగ్లీషు మాటల్నీ వదలం: లేట్‌గా, ఫాస్ట్‌గా, హార్డ్‌గా. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ 'గా' ఉన్నచోట 'లీ' వచ్చి కూర్చుంటుంది. చాలాసార్లు సరిపోతుంది. కొన్నిచోట్ల కొంప ముంచుతుంది.

ఆ కొన్నింటినీ బట్టీ పట్టేయండి. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్‌లీ అంటే దాదాపు లేనట్టే. లేట్ అంటే ఆలస్యంగా, లేట్‌లీ అంటే ఈమధ్య. నియర్ అంటే దగ్గర, నియర్‌లీ అంటే ఇంచుమించు. "ఐ నియర్‌లీ మిస్‌డ్ ద ట్రెయిన్" అన్నారంటే కొద్దిలో తప్పిపోయేదే గానీ, ఎక్కేశారని. ఇక ఫాస్ట్‌కి 'లీ' లేనే లేదు, ఎక్కడైనా ఫాస్టే.

రెండో రకం వేరు. స్లో–స్లోలీ, క్విక్–క్విక్‌లీ, లౌడ్–లౌడ్‌లీ. వీటిలో ఏది అన్నా అర్థం మారదు. మీరు గ్రేట్ సౌత్ రోడ్డు మీద "డ్రైవ్ స్లో" అంటే, వెనకసీట్లో అమ్మాయి "స్లోలీ అనాలి మమ్మీ" అని సరిదిద్దుతుంది. మీరు నోరు మూసుకుంటారు. ఎందుకు మూసుకోవాలి? పాత ఇంగ్లీషులో ఇలాంటి మాటల చివర ఒక అచ్చు ఉండేది. కాలక్రమంలో అది రాలిపోయి 'లీ' లేని రూపం మిగిలింది. అంటే ఇది తప్పు కాదు, పాత వాడుక. తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో వ్యాకరణం రాసి, ఇలా వాడడం సరికాదన్నాడు. జనం మాత్రం అంటూనే ఉన్నారు.

మనలో మాత్రం ఈ పేచీ లేదా? "మంచిగున్నవా" అని వరంగల్ అక్క అడిగితే "బాగున్నావా అనాలి" అని గుంటూరు వదిన నవ్వడం చూశాం. ఇద్దరూ అడిగింది క్షేమమే కదా!

కాబట్టి నా మాట ఇదీ. అర్థం మారే జంటల దగ్గర జాగ్రత్తపడండి, అర్థం మారని వాటి దగ్గర సిగ్గుపడకండి. పరీక్షల్లో, ఆఫీసు ఉత్తరాల్లో స్లోలీ, క్విక్‌లీ అనే రాయండి, అక్కడ అదే పద్ధతి. మన గ్రూపులో ఎవరైనా వాయిస్ మెసేజ్‌లో హార్డ్‌లీ అంటే అందరి ముందూ నవ్వొద్దు, విడిగా చెప్పండి. నాకు అప్పట్లో అలా చెప్పేవాళ్లు లేకపోయారు. మీ చెల్లెలికి మీరున్నారు.