పాఠశాలా గ్రంథాలయములు – ఆటపలకలు

పాఠశాలా గ్రంథాలయములందు పుస్తకముల సరసను ఆటపలకలకును చోటీయవలెనని కొందరును, గ్రంథాలయము జూదశాల కారాదని కొందరును వాదించుచున్నారు. చోటీయవలసినదే యని మా యభిప్రాయము. పుస్తకముల బీరువాను దూరమునుండి చూచి తొలగిపోవు బాలుడు పులిమేక పలక కనబడినచో బల్లయొద్ద కూర్చుండును. కూర్చుండినవాడు ప్రక్కనున్న పుస్తకమును తాకక మానడు. అయితే ఏ యాట? ఇచ్చటనే మన పెద్దలు దారి తప్పుచున్నారు. పెట్టె తళుకును, వెలల పట్టికను చూచుటయే గాని ఒక్క పర్యాయమైనను ఆడి చూచుట లేదు.

మేమడుగు ప్రశ్న యొక్కటే: ఈ యాటలో బాలుడు తానై నిర్ణయింపవలసిన దేమైన గలదా? వైకుంఠపాళిని తీసికొనుడు. అది మనదే, పుణ్యములను నిచ్చెనలుగను, పాపములను పాములుగను చిత్రించి పూర్వులు మనకిచ్చిరి. ఇంగ్లీషువారు దానిని గైకొని తమ బిడ్డల కిచ్చుకొనిరి. అయినను గవ్వలు పడినట్లు కాయను జరుపుటకంటె ఆడువానికి అందు పనియేది? నిచ్చెన నెక్కుట ప్రజ్ఞ కాదు, పాము నోట బడుట తప్పును గాదు. అంకెలు నేర్చు పసివారికి చాలును. స్వదేశీయమైనంత మాత్రమున ఎన్నుకొనుడని మేము చెప్పజాలము.

ఇంగ్లండున పేటెంటు పొందిన లూడో మన పచ్చీసు బిడ్డయే. దాని పెట్టెకు వెలయిచ్చుట యెందులకు? అష్టాచెమ్మాకు నాలుగు గవ్వలును, సుద్దముక్కయు చాలవా? ఏ కాయను నడుపవలెనో, దేనిని చంపవలెనో అందును యోచింపవలసియే యుండును.

మా మక్కువ పులిమేక యాటపైని. పులులు 3, మేకలు 15. బలములు సమానములు కావు. పక్షములు మార్చుకొని ఆడిననే గాని న్యాయము తేలదు. (న్యాయస్థానములందు మాకీ యవకాశము లేదు.) వెనుక చోటు ఖాళీయైన ఒంటిమేకను పులి దుమికి తినును, వరుస విడువని మేకలు పులిని కదలనీయక బంధించును. ఓడిన బాలునికి తానెచ్చట పొరబడెనో తెలియును; మరల ఆడును. చదరంగమునకును ఇదే గుణము.

విదేశీయములను త్రోసివేయుడని మేమనము. భూస్వామ్యపు దోషములను చూపుటకై లిజీ మెగీ యను అమెరికా వనిత 1904లో ఒక యాటకు పేటెంటు పొందెను. దానినుండి పుట్టిన మోనోపలీని పార్కర్ బ్రదర్స్ వారు 1935లో అమ్మజొచ్చిరి. అద్దెలు గుంజి పొరుగువానిని దివాలా తీయించినవాడే అందు విజేత! ఆమె కథతో గూడ నుంచినచో పై తరగతులవారికి పనికివచ్చును గాని, గ్రంథాలయమునకు కేటాయించు ఒక్క గంటలో అది ముగియుట దుర్లభము.

ఇక తాళముల సంగతి. కాయలు పోవునని పలకలను బీరువాలో బంధించి, తనిఖీనాడు మాత్రము తెరచుట కొనకుండుటకంటె అధమము. వామనగుంటలలో చింతగింజ పోయిన ఎవరి సొమ్ము పోయినది? తాళపుచెవిని ఏడవ తరగతి బాలిక చేతికీయుడు. ఎన్నిక సంఘములో ఇద్దరు బాలికలను, ఇద్దరు బాలురను వేయుడు. ఆడి చూచి వారు వద్దన్నదానిని కొనకుడు.