సుగంధ ద్రవ్యములు: పొగాకును వనిల్లాయును

శ్రీకాకుళపు ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. విదేశమందున్న కుమారుడు వారికొక పరిమళపు బుడ్డిని పంపెనట. దానిపై పొగాకు పేరుండుటచే, అది పూసికొని దేవునిగదిలోనికి పోవచ్చునా యని వారి సందేహము. వారి యత్తగారు మాత్రము బుడ్డిని వాసన చూచి, “నా చుట్టల పెట్టి వాసనే గదే యిది!” అని నవ్విరట.

అత్తగారు చెప్పినది చాలవరకు సరియే. పరిమళములు చేయువారు కోరునది పొగ కాదు, ఆకు. చక్కగా ఆరబెట్టి మాగించిన పొగాకునకు ఎండుగడ్డి, తేనె, ఎండుద్రాక్ష కలిసినట్టి కమ్మని వాసన యుండును. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పొగాకు బ్యారనుల ప్రక్కగా నడచినవారికి ఇది క్రొత్త కాదు.

పొగాకును స్త్రీల పరిమళములలో చేర్చుట నేటి మాట కాదు. మొదటి మహాయుద్ధానంతరము పారిస్ నగర స్త్రీలు బహిరంగముగా సిగరెట్లు కాల్చ మొదలిడిన కాలమున, 1919 సం.లో, కారోన్ సంస్థవారు ‘తబా బ్లాన్’ అను దానిని వెలువరించిరి. 1921 నాటి మోలినార్ వారి ‘హబనీతా’ తొలుత సిగరెట్లకు వాసన కట్టుటకే అమ్మబడినది. మన సోదరికి వచ్చినది 2007 లో టామ్ ఫోర్డ్ సంస్థవారు వెలువరించిన ‘టొబాకో వనీల్’. ఇందు పొగాకుతోపాటు మసాలా దినుసులు, కోకో, టోంకా గింజ, ఎండుఫలముల వాసనలును, వీనినన్నిటిని మెత్తపరచుటకు వనిల్లాయును గలవు.

ఈ వనిల్లా కథ వినదగినది. ఇది ఆర్కిడ్ జాతికి చెందిన తీగ, పుట్టిల్లు మెక్సికో. పువ్వు ఉదయమున విచ్చి ఆ దినముననే వాడిపోవును. ఇతర దేశములకు కొనిపోయినచో పూచెడిదే గాని కాయ కాచెడిది కాదు. తోటల యజమానులకు సులభమైన యుపాయము దొరకలేదు. 1841 లో రీయూనియన్ ద్వీపమున ఎడ్మండ్ అను పండ్రెండేండ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో పువ్వులోని యడ్డుపొరను తొలగించి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు అదిమెను. కాయ కాచినది! నేటికిని మడగాస్కరు తోటలలో ఒక్కొక్క పువ్వునకు మనుష్యులు చేతితో చేయుచున్నది ఆ బాలుడు చూపిన పనియే. 1848 లో దాస్యము తొలగి అతనికి ‘ఆల్బియస్’ అను ఇంటిపేరు వచ్చినది గాని, సిరి రాలేదు. 1880 లో పేదవాడుగనే మరణించెను.

పచ్చికాయకు వాసనయే యుండదు. వేడినీట ముంచి, కంబళ్లలో చుట్టి చెమర్చనిచ్చి, మనము మాగాయ ముక్కలను ఎండబెట్టునట్లు దినదినము ఎండబెట్టి ఎత్తి, పెట్టెలలో మాసములకొలది మాగనిచ్చినగాని పరిమళము పుట్టదు. అందుచేతనే దానికంత వెల. 1874 లో టీమన్, హార్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు దేవదారు జాతి చెట్ల రసమునుండి వనిల్లిన్‌ను చేసిన పిదప ఆ వాసన చౌకయైనది. మన పిల్లలు తిను ఐస్‌క్రీములో సాధారణముగా నుండునది ఈ రెండవదే.

ఇక సోదరి ప్రశ్నకు. బుడ్డిలో పొగ లేదు. ఆచారము మాట వారి యింటి పెద్దలు తేల్చుకొనవలసినదే గాని మేము తీర్పు చెప్పజాలము. అయితే ఇట్టి పరిమళములలో అధికభాగము సారాయియే. తడి యారకముందు దీపమును వెలిగింపబోవుట ప్రమాదము. పట్టుచీరపై చల్లినచో మరక పడును. ఘాటైన వాసన గనుక మన వేసవికి తగదు; ధనుర్మాసపు చలిలో మణికట్టున ఒక్క బొట్టు చాలును. బుడ్డిని ఎండ తగులు కిటికీయొద్ద ఉంచరాదు.

వారు అడుగని మాట యొకటి కలదు. అత్తగారు చుట్టను అడ్డపొగగా, అనగా నిప్పు నోటిలోనికి పెట్టుకొని, నలువదేండ్లుగా కాల్చుచున్నారని జాబు చివర వేడుకగా వ్రాసినారు. ఉత్తర కోస్తా జిల్లాలలో ఈ అలవాటుగల స్త్రీలకు అంగిలి క్యాన్సరు వచ్చుట వైద్యులు ఎన్నో దశాబ్దములుగా చూచుచున్న సంగతి. సోదరి తమ యత్తగారిని వెలుతురులో కూర్చుండబెట్టి నోరు తెరచి చూడవలెను. అంగిలిపై తెల్లని పొర గాని, ఎఱ్ఱని మచ్చలు గాని, మానని పుండు గాని యున్నచో ఆలసింపక దంతవైద్యునికి చూపవలెను. ఏమియు కనబడకున్నను ఒకసారి చూపుటయే మేలు. వైద్యుడేమి చెప్పినది మాకు వ్రాయవలసినదిగా వారిని కోరుచున్నాము.