దొర పేరు, కూలి చెమట

పూర్వపు కట్టడమేదైనా కనబడగానే దానిని కట్టించిన దొరవారి పేరు చెప్పి ఊరుకోవడం మన పాఠాలకు అలవాటైపోయినది. వంతెన అయితే ఒక గవర్నరు, ఆనకట్ట అయితే ఒక ఇంజనీరు, కాలువ అయితే ఒక డ్యూకు. రాళ్ళు మోసినవారు, మట్టితట్ట లెత్తినవారు పాఠంలో ఎక్కడా కానరారు. ఈ లోపానికి తడ ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉన్నది.

తడకు తూర్పున ఉన్నది పులికాట్ సరస్సు. తెలుగులో దానికి ప్రళయకావేరి అని పేరు. ఆ సరస్సును కలుపుకొని తీరం వెంబడి సాగిన నీటిబాట బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుండి ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలువతో దాని కథ మొదలైనది. అప్పుడది కాక్రేన్ కాలువ. 1837లో ప్రభుత్వపరమైనది. అంచెలంచెలుగా పెరిగి, ఉత్తరాన పెదగంజాం నుండి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగినది. శ్రీహరికోట అడవుల వంటచెరకు, తీరపు ఉప్పు పడవలెక్కి ఈ బాటనే మద్రాసు చేరేవి.

మరి బకింగ్‌హాం పేరెట్లా వచ్చినది? 1876-78 నాటి మహాక్షామంలో, అనగా ధాత కరువులో, పనికి వచ్చిన ఆకలిజనం చేత మద్రాసులో కూవం, అడయారు నదుల నడుమ సుమారు 8 కిలోమీటర్ల మేర తవ్వించినారు. నాటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. 1878లో కాలువకు ఆయన పేరు పెట్టినారు. 1877 తొలినాళ్ళలో క్షామపు పనులలో మగకూలికి నిర్ణయించిన దినవేతనం ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ ధాన్యం నేటి లెక్కలో అరకిలోకు తక్కువ. గవర్నరు బిరుదులకంటె ఈ లెక్క చెప్పినప్పుడే విద్యార్థికి ఆ కాలువ లోతు తెలుస్తుంది.

పరాయివాని పేరు చెరిపివేస్తే చాలునని కొందరంటారు. పేరు మారినంత మాత్రాన తవ్వినవారి ఊసు రాదు. కట్టడం వలన కలిగిన మేలునూ, దానికి చెల్లిన మూల్యాన్నీ పక్కపక్కన చెప్పడమే న్యాయం. రైళ్ళు, రోడ్లు వచ్చి పడవల రాకపోకలు సన్నగిల్లినవి. తుపానులకు గట్లు తెగి, కాలువ పలుచోట్ల పూడిపోయినది. అయినా 2004 డిసెంబరు 26 నాటి సునామీ వేళ ఆంధ్రతీరంలో అల ఉద్ధృతిని కొంత తనలో ఇముడ్చుకొని ఆ కాలువే జనాన్ని కాచినదని శాస్త్రజ్ఞులు వ్రాసినారు. ఏనాటి కూలిచేతుల పనియో ఈనాటివారికి అక్కరకు వచ్చినది.

ప్రళయకావేరి లంకల వాడుక మాటలను స. వెం. రమేశ్ తన కథలలో పదిలపరచినారు. పాఠశాలలు ఆ పనిని కొనసాగించవచ్చును. తడ బడిపిల్లలు తమ పెద్దల నడిగి పడవల పేర్లు, సరుకుల లెక్కలు, రేవుల ఆనవాళ్ళు వ్రాసుకోవాలి. ఉపాధ్యాయులు వారిని గట్టుమీద నిలబెట్టి, ముందుగా తవ్విన చేతులను గురించి చెప్పాలి. డ్యూకుగారి పేరు ఆ తరువాత చెప్పినా ఆలస్యం కాదు.