కట్ట కాసిన వాడికి ఓటేది?

మా తాత మా ఊరి చెరువుకు నీరటి. పాలమూరు మెట్ట నేలల్లో ఆ చెరువే ఊరికి ఆధారం. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో, ముసురు రాత్రి కట్ట ఎక్కడ జారుతుందో ఆయనకు తెలిసినంతగా ఊళ్లో మరొకరికి తెలియదు. అందుకు ఆయనకు దక్కింది కళ్లం దగ్గర కొలిచి పోసిన మేర గింజలే. ఆయకట్టులో ఆయనకు గుంట భూమి లేదు. నీళ్ల పంపకం గురించి పెద్దలు మాట్లాడుకుంటుంటే ఆయన కింద నిలబడి, చెప్పింది విని వచ్చేవాడు.

యూనివర్సిటీ సెమినార్లలో 'సంప్రదాయ నీటి యాజమాన్యం' మీద పత్రాలు విన్నప్పుడల్లా నాకు మా తాతే గుర్తొస్తాడు. ఊరంతా కలిసి చెరువును కాపాడుకునేదని, ప్రభుత్వం చేతుల్లోకి పోయాకే పాడైందని ఆ పత్రాలు చెప్తాయి. ఇందులో సగమే నిజం.

ఆ సగాన్ని కాదనను. కరువు నేలకు చెరువును మించిన ఏర్పాటు లేదు. గొలుసుకట్టులో పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. వానలు వెనకబట్టాక చెరువులో మిగిలిన నీళ్లను చూసి, యాసంగికి ఎన్ని ఎకరాలు పారుతుందో ముందే తేల్చుకునే పద్ధతికి తైబందీ అని పేరు. నీళ్లు తక్కువైతే సాగు తగ్గించుకోవాలన్నదే దాని సూత్రం. ఎగువ పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రును ఎండాకాలంలో తీసి మళ్లీ పొలాలకు తోలితే చెరువు లోతు పెరుగుతుంది, నేల సత్తువ పెరుగుతుంది.

పత్రాలు చెప్పని సగం ఒకటుంది. ఈ ఏర్పాటు నడిచింది కులం చేతుల మీద. పూడిక తీసిన చేతులు, అర్ధరాత్రి గండి పూడ్చిన చేతులు ఎక్కువగా భూమిలేని అంటరాని కులాలవే. పని వాళ్లది, నిర్ణయం భూమి ఉన్నవాళ్లది. మహారాష్ట్రలో మహర్ వతన్ కూడా ఇలాంటిదే. కాస్త భూమి, కాసిన్ని గింజలు చూపించి తరతరాల చాకిరీకి కట్టేసిన ఏర్పాటది. దాన్ని తెంచడానికే అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో వంశపారంపర్య ఉద్యోగాల చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. ఊరి సంప్రదాయం అనగానే మురిసిపోయే ముందు మనం ఈ చరిత్ర తలుచుకోవాలి.

బోర్లు వచ్చాక డబ్బున్న రైతుకు చెరువు అవసరం తగ్గింది. తూము పాడైనా, వాగు నుంచి నీళ్లు తెచ్చే కాల్వ కబ్జా అయినా పట్టించుకునే పెద్ద లేకుండా పోయాడు. బోరు వేయలేని చిన్న రైతుకు, శిఖంలో గొర్రెలు మేపుకునేవారికి, చేపలు పట్టి బతికేవారికి చెరువు కావాలి. కానీ చెరువు గతిని తేల్చే చోట వాళ్ల మాట చెల్లదు. చెరువు మీద బతికేవాళ్లకు అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్లకు చెరువు అక్కర్లేదు. చెరువులు పాడవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే.

చట్టం కూడా ఈ పాత కొలతనే పట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది. మంచిదే. కానీ అందులో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నట్టు, సాగు చేస్తున్నట్టు రికార్డుకెక్కిన వారికే. మిగతా వారు సభ్యులైనా ఓటు లేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువులు, కుంటలను బాగుచేస్తామని మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ట్రాక్టర్ కిరాయి పెట్టుకోగలిగిన వాడి పొలానికే ఒండ్రు చేరుతుంది. అసైన్డ్ చెలక ఉన్న దళిత రైతు కట్ట మీద నిలబడి చూడాల్సిందే. దేశ జనాభాలో ఎస్సీలు 16 శాతానికి పైగా ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో వాళ్ల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. భూమిని బట్టి నీళ్లు, నీళ్లను బట్టి ఓటు అంటే ఈ లెక్క ఎప్పటికీ మారదు.

అందుకే నేను అడిగేవి మూడు. ఒకటి, చెరువు మీద ఆధారపడిన ప్రతి కుటుంబానికీ, భూమి ఉన్నా లేకున్నా, సంఘంలో ఓటు ఉండాలి. రెండు, ఎస్సీ, ఎస్టీల పొలాలకు ఒండ్రు తోలే ఖర్చును ప్రభుత్వమే భరించాలి. 2005 ఉపాధి హామీ చట్టం వాళ్ల భూముల్లో పనులకు చోటిచ్చినప్పుడు ఇది అసాధ్యం కాదు. మూడు, నీరటి పని శిక్షణ, నెల జీతం ఉన్న ఉద్యోగం కావాలి, ఏ కులం వారైనా చేసేది కావాలి. ఊరికి తైబందీ తిరిగి రావాలి, మేర గింజలు మాత్రం రాకూడదు.

1927 మార్చి 20న మహద్‌లో మనవాళ్లు చెరువు నీళ్లు ముట్టుకునే హక్కు కోసం నడిచారు. ఆ నీళ్లు ఎవరికి ఎంత పారాలో తేల్చే హక్కు ఇంకా మన చేతికి రాలేదు. నీటి యాజమాన్యం మీద పరిశోధన చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. చెరువు లోతు కొలిచేటప్పుడు కట్ట మీద నిలబడ్డ మనిషిని కూడా లెక్కలో రాయండి. మా తాత పేరు ఏ రికార్డులోనూ లేదు.